విండోస్ 10లోనే ఉండాలా, 11కి మారాలా? మూడు కంప్యూటర్లకు మూడు జవాబులు

సంక్రాంతికి ముందు ఒకరోజు మేడ మీద అద్దెకుండే మాస్టారు కిందికి దిగి వచ్చి, "అమ్మాయ్, నా కంప్యూటర్‌కి కాలం చెల్లిందని తెర మీద రోజూ వస్తోంది. కొత్తది కొనాలంటావా?" అని అడిగారు. అదే వారం భీమవరం నుంచి మా చెల్లి ఫోన్ చేసింది. "అక్కా, ల్యాప్‌టాప్‌లో పదకొండు ఎక్కించుకోమంటోంది, నొక్కేయనా?" అంది. ఇక నా సిస్టమ్ సంగతి. ఏలూరులో ఇంట్లోనే డీటీపీ చేసుకుంటాను. శుభలేఖలు, స్కూలు ప్రశ్నపత్రాలు, కరపత్రాలు అన్నీ దాని మీదే. అదీ విండోస్ 10లోనే ఉంది. ముగ్గురిదీ ఒకే ప్రశ్న. కూర్చుని చూస్తే ముగ్గురికీ వేరు వేరు జవాబులు వచ్చాయి. ఎలా తేల్చానో చెబుతాను, మీ ఇంట్లో సిస్టమ్‌కి మీరూ అలాగే తేల్చుకోవచ్చు.

ముందు టెన్షన్ తగ్గించే మాట ఒకటి. విండోస్ 10 వచ్చింది 2015 జూలై 29న, దాని సపోర్టు ఆగింది 2025 అక్టోబర్ 14న. సపోర్టు ఆగినంత మాత్రాన కంప్యూటర్ ఆగదు. స్విచ్ వేస్తే ఎప్పటిలాగే వెలుగుతుంది, మీ ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. ఆగిపోయేది నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్. దాని విలువ తెలియాలంటే 2017 మే నెల గుర్తు చేసుకోవాలి. వాన్నాక్రై అనే వైరస్ ఒక్కసారిగా ప్రపంచమంతా పాకి ఫైళ్లకు తాళాలు వేసింది, తెరవాలంటే బిట్‌కాయిన్లలో డబ్బు కట్టమంది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ వైరస్ దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు, వేసుకోనివాళ్లు దొరికిపోయారు. ఇప్పుడు విండోస్ 10లో కొత్త కంత బయటపడితే, మనం వేసుకుందామన్నా మామూలుగా ఆ అప్‌డేట్ మనదాకా రాదు. "నా దగ్గర యాంటీవైరస్ ఉందిగా" అంటారు చాలామంది. విండోస్‌తో వచ్చే డిఫెండర్‌కి వైరస్‌ల జాబితాలు 2028 అక్టోబర్ వరకు వస్తూనే ఉంటాయి, నిజమే. కానీ అది కాపలావాడి లాంటిది. తలుపు గొళ్లెం ఊడిపోయి ఉంటే కాపలావాడు ఒక్కడు ఎంతకని ఆపుతాడు?

ముందు ఒక కాగితం తీసుకోండి

కంప్యూటర్ ముందు కూర్చునే లోపు ఒక తెల్లకాగితం మీద ఆ సిస్టమ్‌తో ఏమేం పనులు చేస్తున్నారో రాయండి. "అన్నీ చేస్తాం" అని కాకుండా, పోయిన నెలలో నిజంగా చేసినవి రాయండి. నా కాగితం మీద పేజీలు తీర్చిదిద్దే పేజ్‌మేకర్, అందులో తెలుగు కొట్టడానికి వాడే అను ఫాంట్లు, ఫోటోషాప్, వాట్సాప్ వెబ్, మెయిల్, నెట్ బ్యాంకింగ్, లేజర్ ప్రింటర్ ఉన్నాయి. చెల్లి వాళ్లింట్లో అబ్బాయి కాలేజీ పని, మా మరిది జీఎస్టీ రిటర్నులు, వాటికి వాడే డిజిటల్ సంతకం టోకెన్ (పెన్‌డ్రైవ్‌లా పెట్టేది), నెట్ బ్యాంకింగ్ ఉన్నాయి. మాస్టారి కాగితం అన్నిటికంటే చిన్నది: యూట్యూబ్‌లో ప్రవచనాలు, అమెరికాలో ఉన్న కూతురితో వీడియో కాల్, అప్పుడప్పుడు ఒక ఉత్తరం టైపు చేయడం.

ఇప్పుడు ఆ కాగితం మీద రెండు గుర్తులు పెట్టండి. డబ్బుతో సంబంధం ఉన్న పని పక్కన ఒక గుర్తు, అన్నిటికంటే పాత సాఫ్ట్‌వేర్ లేదా పాత పరికరం పక్కన ఇంకో గుర్తు. మొదటి గుర్తు మిమ్మల్ని ముందుకు తోస్తుంది, రెండోది వెనక్కి లాగుతుంది. రెండూ ఒకే సిస్టమ్ మీద ఉంటేనే అసలు చిక్కు.

సిస్టమ్‌కి అర్హత ఉందా?

మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది. దాన్ని వేసి చూస్తే అవునో కాదో తేలిపోతుంది. అయినా కారణం మీకే తెలిస్తే మంచిది, ఎందుకంటే కొన్ని "కాదు"లను "అవును" చేసుకోవచ్చు.

అన్నిటికంటే గట్టి అడ్డంకి ప్రాసెసర్. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచే పదకొండుకి పనికొస్తుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే ప్రాసెసర్ నంబర్ కనిపిస్తుంది. గీత తర్వాత వచ్చే అంకె చూడండి, అది 1 అయితే మొదటి రెండంకెలూ కలిపి చూడండి. ఐ5-7200యూ అంటే ఏడో తరం, అంచు దాకా వచ్చి ఆగిపోయింది. ఐ5-8250యూ అంటే ఎనిమిదో తరం, సరిపోతుంది. మా చెల్లిది ఐ5-1035జీ1, అంటే పదో తరం. నాది ఐ5-4460, నాలుగో తరం, దానికి దారి లేదు. రైజెన్ అయితే 2000 సిరీస్ దగ్గర మొదలవుతుంది, కానీ ఆ సిరీస్‌లోనూ కొన్నిటిని ఒప్పుకోదు కాబట్టి అక్కడ హెల్త్ చెక్ మాటే వినండి. అదే పేజీలో సిస్టమ్ టైప్ దగ్గర 32 బిట్ అని ఉంటే నేరుగా ఎక్కించడం కుదరదు, ఎందుకంటే పదకొండు 64 బిట్‌లో మాత్రమే వస్తుంది.

రెండోది టీపీఎం అనే భద్రతా చిప్. విండోస్ కీ పట్టుకుని ఆర్ నొక్కితే చిన్న రన్ పెట్టె వస్తుంది. అందులో ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో టీ, పీ, ఎం, చుక్క, ఎం, ఎస్, సీ కొట్టి ఎంటర్ నొక్కండి. వెర్షన్ 2.0 అని కనిపిస్తే సరే. కనిపించకపోతే కంగారు పడకండి. కాస్త కొత్త డెస్క్‌టాప్‌లలో ఆ చిప్ ఉండి కూడా బయోస్‌లో (విండోస్ కంటే ముందే మొదలయ్యే సెట్టింగ్స్‌లో) ఆపేసి ఉంటుంది, అక్కడ ఆన్ చేస్తే చాలు. ఆన్ చేసేటప్పుడు నకిలీ ప్రోగ్రాంలను అడ్డుకునే సెక్యూర్ బూట్ కూడా అంతే.

ర్యామ్ 4 జీబీ, స్టోరేజీ 64 జీబీ ఉంటే చాలని అధికారిక లెక్క. నా లెక్కలో 8 జీబీ ర్యామ్ లేకపోతే పదకొండు ఎక్కించి సుఖం లేదు. ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన కొత్త రకం డిస్క్ లేకుండా పాత హార్డ్ డిస్క్ మీద ఎక్కిస్తే ఆన్ చేసి టీ కాచుకుని వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. అర్హత ఉన్న సిస్టమ్‌కి ముందు ఎస్‌ఎస్‌డీ వేయించండి, ఆ తర్వాతే పదకొండు గురించి ఆలోచించండి.

అర్హత లేని సిస్టమ్‌లో కూడా అడ్డదారిన ఎక్కించే పద్ధతులున్నాయి, షాపుల్లో చేసిస్తున్నారు కూడా. నేను వద్దంటాను. అలాంటి సిస్టమ్‌లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ ఇవ్వమని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. మనం మారాలనుకున్నదే అప్‌డేట్ల కోసం. పదకొండులో 24హెచ్2 అనే వెర్షన్ నుంచి మరీ పాత ప్రాసెసర్ల మీద అది అసలు మొదలే కాదు.

చెల్లి ల్యాప్‌టాప్: మారాలి

కాగితం మీద డబ్బు గుర్తు ఉంది, సిస్టమ్‌కి అర్హత ఉంది. ఇక ఆలోచించేదేముంది, మారడమే. వెనక్కి లాగేది ఒక్కటే, ఆ డిజిటల్ సంతకం టోకెన్. పదకొండుకి దాని డ్రైవర్ ఉందో లేదో ఇచ్చినవాళ్లను మరిది చేత ముందే అడిగించాను. ఉందన్నారు, ఆ డ్రైవర్‌ని దింపి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాం.

ఇక్కడ నా వల్ల ఒక పొరపాటు జరిగింది. మీకు జరగకూడదని వివరంగా రాస్తున్నాను. పదకొండు ఎక్కించే ముందు ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన బయోస్ అప్‌డేట్ వేశాను. అది మంచి పద్ధతే. కానీ రీస్టార్ట్ అవగానే నీలం తెర వచ్చింది. బిట్‌లాకర్ అనే డిస్క్ తాళానికి రికవరీ కీ కొట్టమంది. 48 అంకెలు, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. ల్యాప్‌టాప్ కొన్నప్పటి నుంచి డిస్క్‌కి తాళం పడి ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేసిన చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ తాళం దానంతటదే పడుతుంది, బయోస్‌లో ఏదైనా మారితే కీ అడుగుతుంది. అది దొంగ చేతిలో పడితే మన ఫైళ్లను కాపాడే ఏర్పాటు. కీ తెలియకపోతే మనల్నీ లోపలికి రానివ్వదు.

కీ ఆ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో భద్రంగా ఉంటుంది. ఏ అకౌంట్? అమ్మిన షాపులో కుర్రాడు అప్పటికప్పుడు తెరిచిన మెయిల్ అది, పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తు లేదు. చెల్లి ముఖంలో నెత్తురు చుక్క లేదు, పిల్లాడి ప్రాజెక్టు అంతా అందులోనే ఉంది. రెండు గంటలు వెతికితే వారంటీ కార్డు వెనక పెన్సిల్‌తో రాసిన మెయిల్ ఐడీ దొరికింది. ఓటీపీ చెల్లి పాత నంబర్‌కి వస్తుందని తేలింది, అదృష్టం కొద్దీ ఆ సిమ్ అత్తగారి ఫోన్‌లో బతికే ఉంది. ఫోన్‌లో ఆ అకౌంట్ తెరిచి, నీలం తెర మీద ఉన్న కీ ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలు, అకౌంట్‌లో ఉన్నవి ఒకటేనని సరిచూశాం. మరిది ఒక్కో అంకె చదువుతుంటే నేను కొట్టాను. తెరుచుకుంది.

అందుకే చెబుతున్నాను. విండోస్ 10లో సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ లోపల డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే మాట ఉందేమో చూడండి, ఆ తాళం అదే. ఉండి, ఆన్‌లో ఉంటే, మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి ఆ 48 అంకెలూ కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ల్యాప్‌టాప్‌లోనే ఫైల్‌గా దాచుకుంటే ఏం లాభం, తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్టే.

ఆ తర్వాత బ్యాకప్. డెస్క్‌టాప్ మీద ఉన్నవి, డౌన్‌లోడ్స్‌లో మరిచిపోయినవి, ఫోటోలు, స్కాన్ చేసిన పట్టాదారు పాస్‌పుస్తకం, అన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించాం. లెక్కలు రాసే టాలీ వాడేవాళ్లయితే దాని డేటా ఫోల్డర్ మరవకండి, అది మనం చూసే చోట ఉండదు. కాపీ అయ్యాక ఆ డిస్క్‌ని ఇంకో కంప్యూటర్‌కి పెట్టి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. ఎక్కించాం అనుకోవడం వేరు, తెరుచుకోవడం వేరు.

రోజు కూడా చూసుకోండి. రిటర్నులు వేసే చివరి తేదీ దగ్గర, పిల్లలకు ఆన్‌లైన్ దరఖాస్తులు నడిచేటప్పుడు ముట్టుకోవద్దు. కరెంటు పోయే వేళల్లో అసలొద్దు. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టే ఉంచండి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ పనిచేస్తోందో లేదో ముందు చూడండి. సీ డ్రైవ్‌లో 30 జీబీ ఖాళీ ఉండేలా నేను చూసుకుంటాను. ప్రింటర్, పెన్‌డ్రైవ్ లాంటివన్నీ పీకేసి, విండోస్ అప్‌డేట్‌లో వచ్చిన బటన్ నొక్కితే మిగతాది అదే చూసుకుంటుంది. అసలు లైసెన్సు ఉన్న విండోస్ 10 నుంచి పదకొండుకి మారడం ఉచితం. "మీ విండోస్ ఆగిపోతోంది, డబ్బు కట్టండి, మీ స్క్రీన్ మాకు చూపించండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే వెంటనే పెట్టేయండి. మైక్రోసాఫ్ట్ అలా ఎవరికీ ఫోన్ చేయదు.

ఎక్కిన తర్వాత పది రోజులు చాలా విలువైనవి. ఆ పది రోజుల్లోపు సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో గో బ్యాక్ నొక్కితే పాత విండోస్ 10 తిరిగి వస్తుంది. పాతదంతా విండోస్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది కాబట్టే అది సాధ్యం. చోటు ఖాళీ చేద్దామని డిస్క్ క్లీనప్‌లో దాన్ని చెరిపేస్తే తిరుగుదారి పోయినట్టే. కాగితం మీద రాసిన ప్రతి పనినీ ఆ పది రోజుల్లోనే ఒకసారి చేసి టిక్కు పెట్టండి. మా మరిది టోకెన్ పెట్టి లాగిన్ అయ్యి చూశాడు. అబ్బాయి తెలుగు రికార్డు టైపు చేసి చూశాడు. విండోస్ కీతో స్పేస్ నొక్కితే తెలుగు ఫొనెటిక్ వచ్చింది, ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే అమ్మ అని పడింది. అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే పాత ఫోల్డర్‌ని వదిలేశాం.

మాస్టారి సిస్టమ్: విండోసే అక్కర్లేదు

మాస్టారిది రెండో తరం ఐ3, 4 జీబీ ర్యామ్. పదకొండు ప్రసక్తే లేదు. ఆయన కాగితం మీద డబ్బు గుర్తు లేదు, పాత సాఫ్ట్‌వేర్ గుర్తూ లేదు. అన్నీ బ్రౌజర్‌లో జరిగే పనులే. ఇలాంటి కంప్యూటర్‌కి విండోస్ బదులు వాడే లినక్స్ మింట్ సరిగ్గా సరిపోతుంది. డబ్బు కట్టక్కర్లేదు, మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. దీనిలో నాకు బాగా నచ్చిన విషయం, ఎక్కించకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు. డిస్క్‌లో ఉన్నదేదీ చెదరదు. మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టి, యూట్యూబ్ తెరిచి ఇచ్చాను. సౌండు వచ్చింది, కెమెరా పనిచేసింది, తెలుగు అక్షరాలు శుభ్రంగా కనిపించాయి. ఆయన కళ్లజోడు సరిచేసుకుని, "ఇదీ అలాగే ఉందే!" అన్నారు. ఫోటోలు బయటికి తీసి, పాత హార్డ్ డిస్క్ తీసేసి చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టించి, మర్నాడు మింట్ ఎక్కించాను. కీబోర్డు సెట్టింగ్స్‌లో తెలుగు లేఅవుట్ కూడా చేర్చాను. టాలీ, డిజిటల్ టోకెన్ లాంటివి ఉన్నవాళ్లకు మాత్రం ఈ దారి చెప్పను.

నా సిస్టమ్: ఒక ఏడాది గడువు

రెండు గుర్తులూ ఒకే సిస్టమ్ మీద గట్టిగా పడింది నాకే. నెట్ బ్యాంకింగ్ చేసే సిస్టమ్‌లోనే వాట్సాప్‌లో కస్టమర్లు పంపే ఫైళ్లు రోజూ తెరవాలి, అది ప్రమాదం. పేజ్‌మేకర్, అను లేకుండా రోజు గడవదు, అది అడ్డం. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, విండోస్ 11 వచ్చింది 2021లో. మధ్యలో ఇరవై ఏళ్లు. పక్కవాళ్ల సిస్టమ్‌లో పనిచేసిందని మన దగ్గరా పనిచేస్తుందనుకోవడానికి లేదు. నా దగ్గర పదిహేనేళ్ల శుభలేఖల ఫైళ్లున్నాయి. అక్క పెళ్లికి కార్డు కొట్టించినవాళ్లు తమ్ముడి పెళ్లికి వచ్చి, "అదే డిజైన్, పేర్లు మార్చండి చాలు" అంటారు. ఆ ఫైల్ తెరుచుకుని, అను ఫాంట్ లేక ఇంగ్లిష్ గుర్తులు కనిపిస్తే నా పని అక్కడితో సరి.

అందుకని నాలాంటి డీటీపీ వాళ్లు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. పదకొండు ఉన్న ఎవరి సిస్టమ్‌లోనైనా, వాళ్ల అనుమతితో, మీ సాఫ్ట్‌వేర్ వేసి మీ పాత ఫైల్ ఒకటి తెరవండి. తెరుచుకుంటే చాలదు. "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" అని కొత్తగా కొట్టండి. స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న కొట్టండి. వత్తు కింద వత్తు వచ్చే మాటల్లోనే తేడా బయటపడుతుంది. ప్రింటు తీసి కాగితం మీద చూడండి, తెర మీద బాగున్నది కాగితం మీద పక్కకు జరిగి పడొచ్చు. కొత్తగా చేసే పనులన్నీ ఏ సిస్టమ్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లో చేసుకుంటే రేపు ఈ బాధ ఉండదు. నేను ప్రశ్నపత్రాలు ఇప్పటికే అలా మార్చేశాను.

ఎలాగూ నా ప్రాసెసర్‌కి అర్హత లేదు కాబట్టి ప్రస్తుతానికి గడువు తీసుకున్నాను. విండోస్ 10కి ఇంకో ఏడాది పాటు, 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే పథకం ఉంది, ఈఎస్‌యూ అంటారు. సిస్టమ్ 22హెచ్2 వెర్షన్‌లో ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవ్వాలి. విండోస్ అప్‌డేట్ పేజీలో ఎన్‌రోల్ నౌ అని కనిపిస్తుంది. అక్కడ మూడు దారులు: 30 డాలర్లు కట్టడం, 1000 రివార్డ్స్ పాయింట్లు వాడటం, లేదా మీ సెట్టింగ్స్‌ని అకౌంట్‌కి సింక్ చేయడం. మూడో దారికి పైసా ఖర్చు లేదు, నేను తీసుకున్నది అదే. ఒకే అకౌంట్ మీద పది కంప్యూటర్ల దాకా చేర్చుకోవచ్చు కాబట్టి ఇంట్లో రెండోది ఉంటే దాన్నీ చేర్చండి. కొత్త సదుపాయాలేవీ రావు, కంతలు మాత్రం పూడుస్తారు. నాకు కావాల్సింది అంతే.

ఈలోగా నెట్ బ్యాంకింగ్‌ని ఆ సిస్టమ్ నుంచి పూర్తిగా తీసేశాను, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు కూడా చెరిపేశాను. దసరాకి ముందు వాట్సాప్ కోసం, మెయిల్ కోసం పదకొండు ఉన్న చిన్న ల్యాప్‌టాప్ ఒకటి తీసుకుంటాను. అక్టోబర్ 13 దాటిన రోజు పాత సిస్టమ్ వెనక ఉన్న నెట్ కేబుల్ పీకేస్తాను. అప్పటి నుంచి అది పేజ్‌మేకర్‌కి, ప్రింటర్‌కి మాత్రమే. ఫైళ్లు కొత్త ల్యాప్‌టాప్‌లో స్కాన్ అయ్యాకే పెన్‌డ్రైవ్‌లో దానికి వస్తాయి. ఆ పెన్‌డ్రైవ్‌కి ఇప్పుడే ఎర్ర రిబ్బన్ కట్టి పెట్టాను, పిల్లలు సినిమాల కోసం తీసుకుపోకుండా.